తెరను చూపిన వెలుగు

సర్వలోకాలనూ నేసి, ఆ నేతలోనే దాగి ఉన్న స్వామికి ముందుగా నమస్కారం. నా అజ్ఞానాన్ని నాకే చూపించినందుకు ఆయనకు మరోసారి నమస్కారం.

మాది పొందూరు దగ్గర నేతపని ఊరు. మా భజన కోవెలలో ముప్పై ఏళ్లుగా ఏకాదశి నాడు పురాణం చెబుతున్నాను. సృష్టికి ముందు శూన్యం ఉండేదనీ, నక్షత్రాల నడుమ నేటికీ ఉన్నది ఆ శూన్యమేననీ చెప్పేవాణ్ణి. ఎవరూ కాదనలేదు.

మా అక్క కూతురు విశ్వవిద్యాలయంలో క్వేజార్ల మీద పరిశోధన చేస్తోంది. నిరుడు సెలవులకు వచ్చినప్పుడు, పురాణం అయ్యాక పది నిమిషాలు తన చదువు గురించి చెప్పమన్నాను. పీఠం పక్కన నిలబడి ఆడపిల్ల మాట్లాడటం మా దగ్గర అంతవరకూ లేదు. పెద్దలు నా మొహం చూసి ఒప్పుకున్నారు. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని తాళం వేసిన పిల్ల, చదువు పెరిగాక కోవెలకు రావడం మానేసింది. ఆ ఒక్క రోజుతో మళ్లీ మాలో కలుస్తుందని నా ఆశ.

బాగానే మొదలుపెట్టింది. దూరపు గెలాక్సీ నడుమ ఒక పెద్ద కృష్ణబిలం, అందులో పడబోతూ వేడెక్కి వెలిగే వాయువు, అదే క్వేజార్. ఆ వెలుగు భూమి పుట్టకముందే బయల్దేరి ఇప్పుడు మన దగ్గరికి చేరుతోందట. మూయబోయిన పురాణం పుస్తకం నా చేతుల్లోనే ఆగిపోయింది. భూమే లేనినాడు, ఎవరి కోసం బయల్దేరినట్టు? ఆ దీపాలు ఇప్పటికి కొండెక్కే ఉంటాయని కూడా మెల్లగా చెప్పింది.

ముందు వరసలో, ఊరంతా మామ్మ అని పిలిచే పెద్దావిడ, సన్న నూలు వడకడంలో మా ఊరందరికీ గురువు, తలెత్తింది.

"ఏటే గుంటా, కొండెక్కిపోయిన దీపాన్ని సూడ్డానికా ఇంత సదువు సదివినావు?"

అందరూ నవ్వారు. ఆపవలసినవాణ్ణి నేను. ఆపకపోగా, ఇక చాలమ్మా, కూర్చో అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందంటే ఈనాటికీ నమ్మలేను. పిల్ల మొహం పాలిపోయింది. సంచీ భుజాన వేసుకుని గుమ్మం వైపు నడిచింది.

అప్పుడే నైవేద్యం గంట మోగింది. మామ్మ వడికిన నూలుతో నేసిన మా కోవెల తెరకు కడ్డీ ఉండదు. స్వామి ఆరగించినంతసేపూ ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడాలి. ఒక కొస ఎప్పుడూ నాది. తెర పట్టాక ఎవరూ గడప దాటకూడదు. అందుకని పిల్ల గడప దగ్గరే ఆగిపోయింది.

తెర పట్టి ఉండగానే గడప దగ్గర్నుంచి పిల్ల గొంతు వినిపించింది.

"మామ్మా, దీపాన్ని సూడ్డానికి కాదు, తెరని సూడ్డానికి. ఎనక దీపం లేకపోతే నీ నూలు ఎక్కడ పల్చనో ఎక్కడ దట్టమో అవుపడతాదా?"

ఆ వెలుగు వచ్చే దారిలో పల్చటి హైడ్రోజన్ ఉందట. అది ఉన్న ప్రతిచోటా కొంచెం వెలుగును మింగి, ఆ వెలుగును రంగులుగా విడదీస్తే కనబడే ఒక నల్లగీత మిగులుస్తుందట. విశ్వం వ్యాకోచిస్తూ వెలుగును కూడా సాగదీస్తోంది కనుక ఒక్కో దూరానికి ఒక్కో రంగు దగ్గర గీత పడుతుంది. అలా ఎన్నో క్వేజార్ల గీతలు చదివితే, తొలినాళ్ల విశ్వంలో ఆ వాయువు పోగులు పోగులుగా, వలలా అల్లుకుని ఉందని తెలిసిందట.

కళ్లు తెరిచాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి. నా మొహానికి జానెడు దూరంలో, తెర వెనకనున్న దీపానికి ఒక్కో పోగూ విడివిడిగా వెలుగుతోంది. నేను శూన్యమని చెప్పిన చోటంతా నూలే. ఇన్నేళ్లూ ఎంతమందికి ఏం చెప్పాను? పట్టు సడలి, నా వైపు తెర కాస్త కిందికి జారింది.

మామ్మ లేచి వచ్చి, తను వడికిన నూలును దీపం వెలుగులో దగ్గరగా చూసింది. తర్వాత నా చేతుల్ని చూసింది.

"నువ్వు ఒగ్గేస్తావు గానీ, ఆ కొస పిల్లకియ్యి."

పెద్దలు పక్కకు జరిగి దారిచ్చారు. పిల్ల సంచీ గడప దగ్గరే దించి వచ్చింది. తప్పు చెప్పానమ్మా, అని అందరూ వింటుండగానే అన్నాను. పిల్ల కొస అందుకుంది, కళ్లు మూసుకుంది.

చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం నాతో చేతులు జోడించండి. స్వామీ, మాకు ఏమీ కనిపించని చోట ఏమీ లేదని చెప్పే నోరు మాకివ్వకు. మాకు తెలియనిది తెలిసిన పిల్లలు మా గడప దాటి పోకముందే మా కళ్లు తెరిపించు.