ముదర్రిబ్ అన్న ఒక్క మాట

ఒక సైన్యం తన తుపాకులన్నీ ఒకే ఒక్క డ్రిల్లు మాస్టారి మీదికి తిప్పాలంటే, ఆ మాస్టారికి ఎంత తెలివి ఉండాలో మీరు ఊహించలేరు. నాకు ఆ తెలివి ఉండేది. ప్రాణం పోయేంత పనైంది.

కడపలో కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు ఫార్వర్డుగా ఆడాను. మా వీధి లెక్కలో నేను మహా ఆటగాణ్ణి. మా వీధివాళ్లు ఇంకో ఆటగాణ్ణి చూడలేదనుకోండి, అది వేరే సంగతి. ఆ పేరు పట్టుకునే కువైట్‌లో ఒక హైస్కూలుకు కోచ్‌గా వెళ్లాను. ఏడాది తిరక్కముందే, 1990 ఆగస్టులో, ఇరాక్ సైన్యం వచ్చి పడింది. బడి మూసేశారు. రుమైథియాలో మా గదిలో ఐదుగురం, బియ్యం మాత్రం రెండు పూటలకే.

ఒక పొద్దున గదిలోని బాషా కారు తాళం తీశాడు. రాయచోటివాడు, పదేళ్లుగా అక్కడ డ్రైవరు.

"మంగఫ్‌లో మావాళ్ల కాడ బియ్యం ఉండాయంట సార్, పోయొస్తాం రాండి. దోవలో సైనికులు నిలబెడతారు. మీరు మాత్రం నోరు తెరవాకండి."

"నాకూ అరబిక్ వచ్చులే బాషా" అన్నాను.

వచ్చు మరి. టీవీలో ఫుట్‌బాల్ వ్యాఖ్యానం విని నేర్చుకున్నాను. అంగడిలో ఉల్లిపాయలు అడగడం రాదు గానీ, గోలు పడితే మాత్రం ధారాళంగా మాట్లాడగలను.

చెక్‌పోస్టు దగ్గర కారు ఆపారు. మీసాల అధికారి ఒకడు వంగి, నా ఉద్యోగం ఏమిటని అడిగాడు. బాషా నోరు తెరిచేలోగా నేను ఛాతీ విరిచి, "అనా ముదర్రిబ్" అన్నాను. నేను శిక్షకుణ్ణి అని అర్థం. బంతి ఆట నేర్పేవాడికీ అదే మాట, తుపాకీ నేర్పేవాడికీ అదే మాట. ఆ రెండో అర్థం కారులో బాషాకు తెలుసు, బయట సైన్యానికి తెలుసు.

అధికారి ముఖం బిగుసుకుంది. మళ్లీ ఏదో అడిగాడు.

"ఏం నేర్పిస్తావంటాండాడు" బాషా గొణిగాడు. "సార్, మీ కాళ్లు పట్టుకుంటా, ఊరకుండండి."

ఊరుకుంటే నేనెందుకవుతాను? "హుజూమ్" అన్నాను. అంటే దాడి. "దిఫా" అన్నాను. రక్షణ. అక్కడితో ఆగినా బాగుండేది. "తస్వీబ్" అని కూడా ముగించాను. గురిచూసి కొట్టడం.

"ఎంతమందికి?" అన్నాడు అధికారి.

నలభై మంది అని వేళ్లతో చూపించాను. అందరూ గట్టివాళ్లేనని కండ చూపించి మరీ చెప్పాను.

తుపాకులన్నీ నావైపు తిరిగాయి.

"అయిపాయ సార్" అన్నాడు బాషా. "మీరు కువైటోళ్లకు యుద్ధం నేర్పిస్తాండారనుకుంటాండారు."

నా నాలుక ఎండబెట్టిన వడియంలా అయిపోయింది. బాషా దిగి, చేతులు జోడించి, "ఫుట్‌బాల్, ఫుట్‌బాల్" అంటూ డిక్కీ తెరిచి, బడి మూసిన రోజు నేను అందులో పడేసిన బంతి చూపించాడు. అధికారి దాన్ని తిప్పి తిప్పి చూసి, రోడ్డు పక్కనున్న మైదానం వైపు వేలు చూపించాడు.

"కోచ్ అయితే గోలు కొట్టి చూపించమంటాండాడు సార్. కీపరు గూడా లేడు, కొట్టేయండి."

బంతి పెట్టాను. ఎదురుగా ఖాళీ గోలు, వెనక తుపాకులు. ఇంట్లోవాళ్లందరినీ వరసగా తలుచుకుని, బలమంతా కూడదీసి తన్నాను.

బంతి గోలు మీదుగా, గోడ మీదుగా వెళ్లి, అవతలి మేడ మీది నీళ్లట్యాంకుకు ధనామని తగిలింది.

బాషా ఇసుకలో కూలబడ్డాడు. అప్పుడు అధికారి టోపీ తీసి ఒక మాటన్నాడు. సైనికులు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒకడైతే తుపాకీని గోడకానించి మరీ నవ్వాడు. మమ్మల్ని పొమ్మన్నారు.

కారు కదిలాక అడిగాను. "ఏమన్నాడు?"

"'ఇంత పెద్ద గోలుకే గురి కుదరనోడు తుపాకి ఏం నేర్పిస్తాడు, పంపీయండి' అన్నాడు సార్." బాషా మెల్లగా అడిగాడు. "మీరు కావాలనే కదా అట్ల కొట్టింది?"

"మరి?" అన్నాను.

అందుచేత నలుగురి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. తుపాకీ పట్టుకున్నవాళ్లకు నా ఉద్యోగం ఏ భాషలోనూ చెప్పను. వాళ్లెదుట బంతి తన్నను. తన్నక తప్పకపోతే, ఆ రోజులాగే గోలు వెయ్యాలనే మనస్ఫూర్తిగా ప్రయత్నిస్తాను.