జానతో కొలిచిన గొప్ప

ఆదివారాలు నిర్మల్ దాటాక రోడ్డు పక్క హోటల్ దగ్గర మేం కొందరం జీపులవాళ్లం కలిసేవాళ్లం. హోటల్ వెనక ఒక బండ. ముందు చక్రం ఒకటి దానిమీదికి ఎక్కించాలి. రెండోది నేలను వదలకుండా ఎంత కిందికి దిగిందో జానతో కొలవాలి. ఎక్కువ దిగినవాడికి మిగతావాళ్లు చాయ్ తాపాలి. అడవి గుంతల్లో పనికొచ్చే గుణాన్ని మేం చాయ్ హోటల్ వెనక కొలుచుకునేవాళ్లం. నెత్తిన టోపీలు, కళ్లకు నల్లద్దాలు. టైర్లకు మట్టి కావాలంటే హోటలాయన బోరింగు దగ్గర బురద తొక్కించేవాళ్లం.

అందరిలోకి పనికిమాలినవాణ్ని నేనే. ఎందుకంటే నా జీపుకు నిజంగానే పని ఉంది, అయినా ఈ ఆటకు పోయేవాణ్ని. నా భార్య వాగవతలి గూడెంలో టీచరు. ఆ బడికి ఆమె ఒక్కతే. వానాకాలం నేను వాగు దాటిస్తేనే బడి తెరిచేది.

ఒకసారి చొప్పదండి నుంచి వచ్చినాయన నా చక్రం చూసి నవ్వాడు. "ఏందన్నా, కొత్తకోడలు లెక్క కాలు కింద పెడ్తలేదు నీ బండి?"

ఆ మాటకే నాకు అన్నం సయించలేదు. చక్రం ఇంకా కిందికి దిగాలని ముందు చక్రాల మీది కమాన్‌పట్టీలు కొన్ని తీయించి, కుదుపు ఆపే షాకులు పొడుగువి వేయించాను.

"నీ కోసమే. వాగుల చక్రం జారది" అన్నాను ఇంట్లో.

"మొన్నటిదాంక జారిందా ఏంది?" అంది.

జీపు కింద పడుకుని చూశాను. చక్రం పూర్తిగా దిగితే బ్రేకు నూనె పోయే రబ్బరు పైపు తీగలా బిగుస్తోంది. పొడుగుది కరీంనగర్ నుంచి తెప్పించాలి, ఈలోగా ఆదివారం దాటిపోతుంది. పైపును పట్టుకున్న క్లిప్పు విప్పి కాస్త వదులు చేసి, సరిపోతుందనుకున్నాను. అబద్ధం. సరిపోదని నాకు తెలుసు.

బండ మీద గెలిచాను. చాయ్ తాగాను.

సోమవారం ఆమెతో వాగులోకి దిగుతుంటే ఎడమ చక్రం గుంతలోకి దిగింది, నేను కోరుకున్నంతా దిగింది. పైపు తెగింది. బ్రేకు తొక్కితే కాలు అడుగుదాకా పోయింది. జీపు ఏటవాలుకు ఉరికి, నీళ్ల నడుమ రాయికి గుద్దుకుని ఆగింది. ఆమె మోకాలు ముందు రేకుకు కొట్టుకుంది.

"బ్రేకు ఏమైంది?"

"పైపు తెగింది. పొట్టిగ ఉండె."

"నీకు ఎరికేనా?"

"ఎరికే."

చెప్పులు చేతబట్టుకుని, కుంటుకుంటూ నీళ్లు దాటి బడికి పోయింది.

ఆ వారమే పాత పట్టీలు, పాత షాకులు, కొత్త పైపు వేయించాను. పొద్దున్నే జీపు వాకిట్లో నిలబెట్టాను.

"ఎక్కు. అంతా ఎప్పటిలెక్క చేయించిన."

"మంచిదే" అంది రోడ్డు వైపు చూస్తూ. "పాలాయన వాగు దాక దింపుత అన్నడు. ఆడికెళ్లి నడుస్త."

"మరి మోకాలు?"

"నా మోకాలు ఫికర్ నీకెందుకు?"

పాలబండిలో కూర్చోవడానికి జాగా లేదు. క్యాన్ల నడుమ నిలబడి పోయింది.