ఫిట్స్ తగ్గిందనుకున్న క్షణం

కరోనా తగ్గిన తర్వాతి వేసవి. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను ఈఈజీ టెక్నీషియన్‌ని. తలకు వైర్లు అంటించి, మెదడులోని కరెంటును గీతలుగా రికార్డు చేయడం నా పని. వాటన్నిటికీ అడుగున గుండెది ఒక ఈసీజీ గీత ఉంటుంది. నిజం చెప్పాలంటే దాన్నెవరూ పెద్దగా పట్టించుకోరు.

బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే మునిరత్నం ఫిట్స్‌తో వచ్చాడు. మాత్రలు పెంచినా ఉన్నట్టుండి కూలిపోతున్నాడట. ఫిట్ వచ్చినప్పుడు కెమెరాలోనూ గీతల్లోనూ పట్టుకుందామని డాక్టరు గారు వీడియో ఈఈజీ రాశారు. భార్య సుజాత తాళాలగుత్తి పట్టుకుని మంచం పక్కనే కూర్చుంది.

"ఇనుము పట్టిస్తానే అణిగిపోతాది మేడమ్. ఎన్నిసార్లు సూసినానో!"

"తాళాలకేం తెలుసమ్మా ఫిట్స్ సంగతి?" అని నవ్వాను.

మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చింది ఫిట్. చూపు నిలిచిపోయింది, పెదాలు చప్పరించాడు, చెయ్యి బిగుసుకుంది. సుజాత తాళాలు అతని గుప్పిట్లో కుక్కింది. అంతే, మనిషి మెత్తబడిపోయాడు.

"సూసినారా మేడమ్! తగ్గిపాయ!"

నేను స్క్రీన్ చూస్తున్నాను. ఓరి దేవుడా! గుండె గీత చదునుగా సాగిపోతోంది. వైరు ఊడిందేమోనని చూశాను, ఊడలేదు. నాడి అందలేదు. "డాక్టర్! గుండె ఆగింది!" అని ఒకటే కేక పెట్టాను. అందరూ పరుగున వచ్చి ఛాతీ మీద చెయ్యి వేసేలోపే ఒక బీటు లేచింది, ఆ వెంటనే ఇంకొకటి! సంతోషం పట్టలేకపోయాను. ఇన్నాళ్ళూ మాత్రలకు లొంగని దొంగ దొరికాడు!

దీన్ని ఇక్టల్ ఎసిస్టోల్ అంటారు. అరుదుగా కొందరిలో ఫిట్ గుండెను కాసేపు ఆపేస్తుంది, మెదడుకు రక్తం అందక ఒళ్ళు వాలిపోతుంది. మందులు మార్చి పేస్‌మేకర్ పెడదామన్నారు డాక్టరు గారు.

సుజాత ముఖం పాలిపోయింది. "అయితే మేడమ్, హమ్మయ్య తగ్గిందని నేను అనుకున్నప్పుడంతా ఈయన గుండె ఆగిపోయి ఉన్నిందా?"

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఒళ్ళు నెమ్మదించినంత మాత్రాన గండం గడిచినట్టు కాదని ఆ రోజు నేర్చుకున్నాను. కొత్తగా చేరిన టెక్నీషియన్లకు మొదటి పాఠంగా ఇదే చెబుతాను.

పేస్‌మేకర్ పెట్టాక మళ్ళీ పరీక్షకు వచ్చారు. రికార్డింగ్ మధ్యలో చిన్న ఫిట్ వచ్చింది. నేను స్క్రీన్ వైపు తిరిగేలోపే సుజాత భర్త ఛాతీకి చెవి ఆనించింది.

"కొట్టుకుంటా ఉండాది మేడమ్!" అని ఏడుస్తూ నవ్వింది. "ఆగలేదు, కొట్టుకుంటానే ఉండాది!"