ఇత్తడి స్క్రూ

మా బావకు గిటారు వాయించడం రాదు. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మీరూ అందరిలాగే "ఏదీ, ఒక్క పాట" అని ఆయన ప్రాణం తీస్తారు. పాత ఎలక్ట్రిక్ గిటార్ల గోదాములో ఇరవై ఆరేళ్ళుగా ఆయన పని వాయించడం కాదు, ఏది ఏ రకమో పోల్చడం.

జనం వాడి వదిలేసిన చవక గిటార్లు మా దగ్గరికి వ్యాన్లలో వస్తాయి. సగం వాటికి తల మీద కంపెనీ పేరు గీకేసి ఉంటుంది. మిగతా సగానికి లేని గొప్ప పేరు అంటించి ఉంటుంది. బావ ఒక్కోదాన్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, వేళ్ళతో తడుముతాడు.

"మెడ మీద మెట్లు ఇరవై ఒకటి. తల మీద తీగల్ని అణిచే బుడిపె ఒకటే. బిరడాలకు వెనక మూతల్లేవు. అంచు చూడు, నా బొటనవేలంత మందం కూడా లేదు. కింది రకం రా ఇది, పేరు మాత్రం వాళ్ళ పెదనాన్నది పెట్టుకుంది," అంటాడు. ముందున్న ప్లాస్టిక్ పలకకు ఎనిమిది స్క్రూలుంటే ఒక రకం, పదకొండుంటే దానికి పై రకం అని కొత్తవాళ్ళకు నూరిపోస్తాడు. అందుకే గోదాములో ఆయన్ని స్క్రూల మాస్టారు అంటారు. చీటీ మీద రకం పేరు రాసి, కింద "ప్రత్యేక గుర్తులు" అన్నచోట ఏదో ఒకటి నింపి, తర్వాతి గిటారు అందుకుంటాడు. రోజుకు నలభై. సాయంత్రానికి వేళ్ళు కొంకర్లు పోతాయి.

పక్క బల్ల నాది. బామ్మర్దిని కాబట్టే ఈ ఉద్యోగం ఇప్పించాడని అందరూ అనుకుంటారు. నిజమే. గిటారు ముందు నా దగ్గరికొస్తుంది. తుప్పు పట్టిన స్క్రూలు మాత్రం తీసి కొత్తవి బిగించి, తుడిచి ఆయన ముందు పెట్టాలి. "తుప్పు పట్టినవి మాత్రం" అని బావ మొదటిరోజే నొక్కి చెప్పాడు. ఏది తుప్పో ఏది మురికో చూస్తూ కూర్చుంటే నా పని తెమలదు. కొన్నాళ్ళకు నేను అన్నీ తీసి డబ్బాలో పారేసి, అన్నీ కొత్తవే బిగించడం మొదలుపెట్టాను. రంధ్రం వదులుగా ఉంటే ఓ అగ్గిపుల్ల ముక్క దోపేవాణ్ణి. చూడ్డానికి బాగుండేది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇక ఇంటి సంగతి. మా మేనకోడలు తండ్రితో మాట్లాడక పదకొండేళ్ళు. ఒకే ఇల్లు, ఒకే వంటగది. రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది, ఊరందరితో నవ్వుతూ మాట్లాడుతుంది. ఆయనతో మాత్రం ఏదైనా మా అక్క మీదుగానే. "అమ్మా, ఆయన్ని ఫ్యాను కట్టెయ్యమను." ఆయన అక్కడే ఉంటాడు. భోజనాల బల్ల దగ్గర తన పక్క కుర్చీలో సంచి పెట్టుకుంటుంది, ఆయన కూర్చోకుండా. ఇద్దరి మధ్య మా అక్క నలిగి సగమైంది.

ఇదంతా ఒక గిటారు గురించి. గోదాములో పక్కన పడేసిన ఎర్ర గిటారును బావే బాగుచేసి, పిల్లకు పదిహేనో ఏట ఇచ్చాడు. రెండేళ్ళు అది చేతిలోంచి దిగలేదు. పగలంతా గిటార్ల మధ్య నలిగి ఇంటికొస్తే ఇంట్లోనూ అదే మోత. ఒకరోజు తలపోటుతో ఒళ్ళు తెలియని కోపం వచ్చి, పిల్ల కాలేజీలో ఉండగా దాన్ని పట్టుకెళ్ళి వేరే ఊరికి పోయే సరుకులో పడేశాడు. కోపం దిగాక పరిగెత్తాడు గానీ, వ్యాను అప్పటికే వెళ్ళిపోయింది.

"అది తెచ్చేదాకా నాతో మాట్లాడకు," అంది పిల్ల.

అప్పటినుంచి వచ్చిన ప్రతి గిటారులోనూ ఆయన దాన్నే వెతుకుతున్నాడని నాకు తెలుసు. తిరిగి తిరిగి ఎప్పటికైనా మా గోదాముకే వస్తుందని ఆయన ఆశ. అలాంటివి వేలల్లో ఉంటాయి, దేన్ని బట్టి పోలుస్తావు బావా అంటే, "వస్తే నాకు తెలుస్తుందిలే," అనేవాడు. చేసిన పనికి సిగ్గుపడే మనిషి అంతకంటే ఏం చెబుతాడు?

పోయిన వారం ఒక పొట్టి స్క్రూ కావాల్సి వచ్చి, నా డబ్బాను పేపరు మీద బోర్లించాను. ఏళ్ళ తరబడి నిండిన డబ్బా. బావ టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. కాసేపటికి గ్లాసు కింద పెట్టి, కుప్పలోంచి ఒకటి ఏరాడు. ఇత్తడిది. తల ఒక పక్క ఆకురాయితో అరగదీసి ఉంది.

"మా బీరువా తలుపుది," అన్నాడు. "ఎర్ర గిటారు బాగుచేసిన రోజు ఎనిమిదో స్క్రూ దొరక్క దీన్ని పెట్టాను. పిల్ల చేతికి గీసుకుంటుందని నేనే అరగదీశాను."

"బావా, నేను... అన్నీ మార్చేస్తున్నాను."

"ఇత్తడికి తుప్పు పట్టదు కదా అని ధీమాగా ఉన్నాను రా."

నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. ఆ గిటారు ఎప్పుడొచ్చిందో, ఎవరు కొనుక్కుపోయారో చెప్పగలిగినవాడు లేడు. నాకు అంతకంటే బుద్ధి పుట్టక, "అదే రకం ఎర్రవి మన దగ్గర మూడున్నాయి. ఈ స్క్రూ బిగించి ఇచ్చేద్దాం, అమ్మాయికేం తెలుస్తుంది?" అన్నాను.

ఆయన కాదనలేదు. ఒకదాన్ని తీసుకుని, స్క్రూ బిగించి, చాలాసేపు ఒళ్ళో పెట్టుకున్నాడు. మెట్ల మీద వేళ్ళు పోనిచ్చి, మళ్ళీ విప్పేశాడు. "ఈ మెట్లు ఎవరి పిల్లో అరగదీసింది రా," అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన వెంట నేనూ వెళ్ళాను. మేనకోడలు అన్నం తింటోంది. బావ స్క్రూను ఆమె పళ్ళెం పక్కన పెట్టాడు.

"గిటారు నా బల్ల మీదికొచ్చి వెళ్ళిపోయింది. నేను పోల్చలేదు," అన్నాడు.

"తప్పు నాదే తల్లీ," అని నేను అందుకోబోతే, మేనకోడలు చేత్తోనే ఆగమంది. స్క్రూ తీసుకుని, అరిగిన పక్కను ఎడమచేతి బొటనవేలితో రాసి చూసింది. అక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"దాని చీటీ మీద గుర్తులు ఏమని రాశావు?"

అక్కను కాదు, ఆయన్నే అడిగింది. పదకొండేళ్ళకు అడిగిన ఆ మొదటి మాటకు, అబద్ధం చెప్పినా బాగుండునని నేను మనసులో దణ్ణాలు పెట్టుకున్నాను.

"ఏమీ లేవని రాసి ఉంటానమ్మా," అన్నాడు బావ. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను.

ఆమె స్క్రూను మళ్ళీ పళ్ళెం పక్కన పెట్టింది. తర్వాత పక్క కుర్చీలోని సంచి తీసి నేల మీద పెట్టింది.

బావ కూర్చున్నాడు.