అట్టముక్కకు అవతల

మా అక్క మొహానికి వెలుతురు పట్టదని తేల్చేసింది మా బావే. పెళ్లయిన కొత్తలో కెమెరా కంటికి ఆనించుకుని, అక్కను అటూ ఇటూ తిప్పి, "ప్చ్, లాభం లేదు. నీ మొహానికి వెలుతురు పట్టదే," అన్నాడట. ఆయన ఏదో మాటవరసకు అన్నాడు. ఈ పిచ్చిది దాన్ని మనసులో పెట్టేసుకుంది. అప్పట్నుంచి ఎవరు కెమెరా తీసినా పక్కకు తప్పుకునేది.

బావ బీమా ఆఫీసులో గుమాస్తా. ఆదివారమైతే మాత్రం ఫోటోగ్రఫీ క్లబ్బుకు పెద్దదిక్కు. ఇంటికి వచ్చినవాళ్లను హాల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి ఫోటోలు తీసేవాడు. ఎదురుగా తెల్లటి థర్మోకోల్ అట్ట పట్టుకుని, కిటికీ వెలుతురును వాళ్ల చెంప మీదికి తిప్పే పని అక్కది. చేతులు లాగేస్తున్నా కిక్కురుమనేది కాదు.

"నీ మొహానికి పట్టని వెలుతుర్ని ఊరందరి మొహాలకీ పంచుతున్నావు కదక్కా," అని నేను ఉడికిస్తే, "పోనీలేవే, ఎవరో ఒకరు బాగా పడుతున్నారుగా," అని నవ్వేది. నాకు ఒళ్లు మండేది.

క్లబ్బు వాళ్లకు ఏడాదికోసారి పోటీ. ఫోటోల వెనక పేర్ల మీద కాగితం అంటించి తీర్పు కోసం బావ ఇంటికి తెచ్చేవారు. మొదటి బహుమతి వచ్చినదాన్ని ఫ్రేము కట్టించి బావ హాల్లో తగిలించడం ఆనవాయితీ.

ఒక ఏడు అక్క కూతురు కూడా తండ్రికి చెప్పకుండా ఒక ఫోటో పంపింది. పంపేముందు మా ఇద్దరికీ చూపించింది. వంటింటి కిటికీ దగ్గర, ఫోటోలో ఎడమ అంచున, అక్క నిలబడి జుట్టు ముడేసుకుంటోంది. రెండు చేతులూ పైకెత్తి ఉన్నాయి. పొద్దుటి ఎండ చెంప మీదా చెవి తమ్మె మీదా పడి మెరుస్తోంది. ఎదురుగా బోసి గోడ, దాని మీద పొడుగాటి నీడ.

"ఇది నేనేనటే?" అంది అక్క.

"కాదు, నీ సవతి," అన్నాను.

అక్క తన చెంప తడుముకుంది. "వెలుతురు పట్టింది కదే," అంది. "దీన్ని హాల్లో పెడతారంటావా?" అని మెల్లగా అడిగింది. తన కోసమని అక్క ఏదైనా కోరుకోగా నేను చూడటం అదే మొదటిసారి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

పోటీ రోజున నేనూ అక్కడే ఉన్నాను. బావ తీర్పు చెప్పే వైభవం చూసి తీరాలి. జేబులోంచి ఎల్ ఆకారంలో కోసిన రెండు నల్ల అట్టముక్కలు తీస్తాడు. రెండూ కలిపితే ఒక చట్రం. దాన్ని ఫోటో మీద పెట్టి, దగ్గరికీ దూరానికీ జరుపుతూ, ఎక్కడిదాకా ఉంచాలో ఎక్కడ కోసెయ్యాలో చూస్తాడు. అక్కర్లేనిదాన్ని తీసెయ్యడమే కంపోజిషన్ అంటాడు. పోటీకొచ్చిన ఫోటోను కోసే హక్కు నీకెవరిచ్చారని అడిగిన మొనగాడు లేడు. ఆయన కోస్తే విలువ పెరిగిందని మురిసిపోతారు.

"దీంట్లో నీడలన్నీ మాడి మసైపోయాయి. ఇందులో కన్ను ఎక్కడ ఆగాలో తెలియట్లేదు," అంటూ ఒక్కొక్కటీ పక్కన పడేశాడు. మా ఫోటో రాగానే ముందుకు వంగాడు.

"అబ్బబ్బ, ఏం లైటింగండీ!" అన్నాడు పక్కనున్న సెక్రటరీతో. "ఆ నీడ అంచులు చూడండి, ఎంత మెత్తగా ఉన్నాయో! కాకపోతే ఎడమపక్క ఈ ఆకారం ఒకటి అడ్డం. చూపంతా ఇటే లాగేస్తోంది. ఇది తీసేస్తే ఇంక తిరుగులేదు."

ఆకారమట! కట్టుకున్న పెళ్లాన్ని పట్టుకుని ఆకారమట! వంటింట్లో అడుగు పెడితేగా ఆ గోడ గుర్తుపట్టడానికి! నేను నోరు తెరవబోయాను. అక్క నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"ఇలా రావే, ఈ అట్ట కదలకుండా పట్టుకో," అని పిలిచాడు బావ.

అక్క వెళ్లింది. థర్మోకోల్ పట్టుకున్నంత నిబ్బరంగా, ఫోటోలో తన మొహాన్ని కప్పిన నల్ల అట్టను రెండు వేళ్లతో నొక్కి పట్టుకుంది. బావ పెన్సిలుతో గీత గీసి, స్కేలు పెట్టి, బ్లేడుతో కోసేశాడు.

వెనక కాగితం పీకి కూతురి పేరు చూడగానే, "రక్తం ఎక్కడికి పోతుంది!" అని ఎగిరి గంతేశాడు. గుమ్మంలో నిలబడ్డ పిల్ల మొహం పాలిపోయింది. "నాన్నా, అది..." అనబోతే అక్క తల అడ్డంగా ఊపింది. పిల్ల విసురుగా లోపలికెళ్లి, ఇంకో కాపీ తియ్యడానికి లేకుండా ఆ ఫోటో ఫిల్మును కత్తెరతో ముక్కలు ముక్కలు చేసింది. అక్క చీపురు తెచ్చి బల్లకింద ముక్కలన్నీ ఊడ్చింది. వాటిల్లో తన బొమ్మ ఉన్న ఫోటో ముక్క నేను ఏరబోతే, "వద్దులేవే. ఆయన అన్నది నిజమే, అడ్డంగానే ఉన్నాను," అంది.

నీడ హాల్లోకి ఎక్కింది. వచ్చినవాళ్లందరికీ బావ వివరించేవాడు. ఎవరి నీడో తెలియకపోవడంలోనే దాని అందమంతా ఉందట. అక్క రోజూ ఆ ఫ్రేము తుడిచేది.

మూడేళ్లకు, తగ్గిపోతుందిలే అనుకున్న జ్వరంతోనే అక్క వెళ్లిపోయింది. ఆ వారంలోనే బావ నన్ను రమ్మని కబురు చేశాడు. మనిషి సగమయ్యాడు.

"మీ అక్క ఫోటో నీ దగ్గర ఒక్కటైనా ఉందామ్మా? హాల్లో పెడదామని. పెళ్లి ఫోటోలో తల దించుకుని ఉంది, పాపిడి తప్ప ఏం కనబడట్లేదు."

"హాల్లోనే ఉందిగా బావా," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. నీడ వైపు వేలు చూపించాను. "ఆ చేతులు చూడు. అలా జుట్టు ముడేసుకునేది ఎవరు?"

బావ చాలాసేపు చూశాడు. తర్వాత లేచి దగ్గరికెళ్లి, జేబులోంచి అట్టముక్కలు తీశాడు. ఫ్రేముకు ఎడమపక్కన ఉత్త గోడ మీద పెట్టి, దగ్గరికీ దూరానికీ జరపసాగాడు.

కడిగిపారేద్దామనే వెళ్లాను. తీరా చూస్తే ఏడుపొచ్చింది. "అక్కడేం లేదు బావా. నువ్వే కోసేశావు," అన్నాను.

"ఒక్క నిమిషం," అన్నాడు గోడ మీంచి కళ్లు తిప్పకుండా. "ఈ అట్ట కాస్త కదలకుండా పట్టుకోమ్మా."

పట్టుకున్నాను.