లోడు కోసం నిలబడిన రోజులు

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో నేను చిత్తూరులో ఒక బెల్లం సావుకారు దగ్గర లారీ తోలేవాణ్ణి. ఆయనకు నాలుగు లారీలుండేవి. వాళ్ళ నాయన కాలంలో అవే సరుకులు ఎద్దుల బండ్ల మీద పోయేవట. ఈయన వచ్చాక ఎద్దుల్ని అమ్మేసి లారీలు కొన్నాడు. బెల్లం, చింతపండు, శనక్కాయలు తిరుపతికి చేరవేయడం, అక్కడినుంచి ఏది దొరికితే అది వేసుకుని తిరిగి రావడం మా పని.

పెట్రోలు దొరకడం కష్టమైపోవడంతో లారీలకు బొగ్గు డ్రమ్ములు వచ్చాయి. మనిషంత ఎత్తు ఇనుప డ్రమ్మును సీటు వెనక పక్కన బిగించేవాళ్ళు. అందులో బొగ్గు రగిల్చి, ఆ గ్యాసుతో ఇంజను నడపాలి. పొద్దున బండి కదలాలంటే ముందుగా క్లీనరు చేత్తో ఫ్యాను తిప్పుతూ నిప్పు రాజేయాలి. బొగ్గు మంచిదైతే బండి మాట వినేది. కాకపోతే ఎత్తు వచ్చిన చోటల్లా మూలిగేది. డ్రమ్ము వేడికి నా వీపు ఎడమవైపు ఎప్పుడూ చెమట కారుతూ ఉండేది. ఇంటికి వెళ్ళేసరికి ముక్కులోంచి మసి వచ్చేది. మా ఆవిడ నా చొక్కాలు వేరే తొట్టిలో ఉతికేది.

అయినా ఆ పని నాకు ఇష్టంగానే ఉండేది. పూతలపట్టు దాటాక పొద్దెక్కే వేళకు రోడ్డంతా ఖాళీగా ఉండేది. చెరకు తోటల్లో గానుగలు ఆడుతుంటే బెల్లం కాగే వాసన బండిలోకి వచ్చేది. స్టీరింగు పట్టుకుని కూర్చుంటే నాకు వేరే ఆలోచన ఉండేది కాదు. బండి కదలనప్పుడే బాధంతా.

మాకు జీతం ట్రిప్పుకింత అని లెక్క. సరుకు దింపితే కూలి, లేకపోతే లేదు. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ తిరుపతిలో సరుకు దింపాక తిరుగు లోడు దొరకాలి కదా. మండీవాళ్ళు రేపంటారు, రేపు వెళితే ఎల్లుండి అంటారు. ఖాళీ బండి తోలుకొస్తే సావుకారు ఊరుకోడు. అందుకని మండీ ముందర చెట్టు నీడలో బండి ఆపుకుని కూర్చునేవాళ్ళం. తిండి మా చేతి డబ్బుతోనే. మొదటిరోజు హోటల్లో అన్నం, తర్వాత పొద్దున పూట ఇడ్లీ, ఆ తర్వాత బొరుగులు. ఇంటికి వచ్చేసరికి ఆ ట్రిప్పు కూలి తిండికే సరిపోయేది.

నాకంటే పెద్దవాడు, నెమ్మదైన మనిషి, ఇంకో డ్రైవరు ఉండేవాడు. ఆయనను అందరూ పెద్ద డ్రైవరు అనేవాళ్ళు. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. చిత్తూరులో చర్చి వెనక వాళ్ళ ఇల్లు. పిల్లలందరినీ బడికి పంపేవాడు. ఆదివారం ప్రార్థనకు వెళ్ళాలని ఆయనకు ఉండేది, కానీ ఏ ఆదివారం ఏ ఊళ్ళో ఉంటాడో ఆయనకే తెలియదు. ఒకసారి తిరుపతి మండీ దగ్గర కూర్చుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, తనలో తనే ఏదో కీర్తన పాడుకుంటూ ఉండడం చూశాను. ఆ రోజు ఆదివారమని నాకు తర్వాత గుర్తొచ్చింది.

ఆ ఏడు చిత్తూరుకు మిలిటరీవాళ్ళు వచ్చారు. బండి తోలడం వచ్చినవాళ్ళు కావాలన్నారు. నెలనెలా జీతం, బట్టలు, బూట్లు, ఇంటికి మనియార్డరు. మా నలుగురిలో ఇద్దరు సావుకారుకు మాట మాత్రమైనా చెప్పకుండా వెళ్ళిపోయారు. నేనూ ఆ రోజు ఇంటికి వెళ్ళి మా ఆవిడను అడిగాను.

"నెల తిరిగేసరికి దుడ్డు ఇంటికొస్తాదంట" అన్నాను.

ఆమె అప్పుడు జొన్నలు చెరుగుతోంది. చేట ఆపకుండానే, "దుడ్డు వస్తాది. నువ్వు యాడొస్తావు?" అంది.

అంతే. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నిజం చెప్పాలంటే, ఆమె వద్దన్నందుకు నాకు లోపల హాయిగానే అనిపించింది.

నాలుగు లారీలకు ఇద్దరమే మిగిలాం. ఒకరోజు పొద్దున షెడ్డులో పెద్ద డ్రైవరు నన్ను పక్కకు పిలిచాడు. "అబ్బా, ఇప్పుడు అడగాల. సావుకారుకు మన అవసరం ఇప్పుడు తెలిసినంత ఎప్పుడూ తెలీదు. గట్టిగా కాదు, మామూలుగా అడుగుదాం" అన్నాడు.

ఇద్దరం వెళ్ళాం. సావుకారు అంగడి అరుగు మీద కూర్చుని బెల్లం అచ్చులు పగలగొట్టి చూస్తున్నాడు. పెద్ద డ్రైవరే మాట్లాడాడు.

"సావుకారూ, బండి తిరిగినా తిరక్కపోయినా నెలకింతని జీతం ఇయ్యి. బయట ఊళ్ళో లోడు కోసం నిలబడితే తిండికి బత్తా ఇయ్యి. వారానికొక దినం ఇంటికాడ ఉంటాము. అంతే మేం అడిగేది."

సావుకారు బెల్లం ముక్క కింద పెట్టాడు. "బండి నిలబడితే నాకేమొస్తాదప్పా? నాకే రాంది మీకు యాడ్నించి తెచ్చియ్యాల?"

"నీకు రాదు, నిజమే."

"మిలిటరీకి పోతామని బెదిరిస్తాండారా?"

"బెదిరించేది లేదు సావుకారూ. పోయేవాళ్ళమైతే ఆ ఇద్దరి మాదిరే చెప్పకుండా పోయుంటాం కదా."

ఆయన ఆ బెల్లం ముక్క మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని చూస్తూనే, "సూద్దాంలే, పోయి పని సూసుకోండి" అన్నాడు. ఆ "సూద్దాం" ఎంత కాలమో మాకు తెలియక, పని చూసుకోవడానికే వెళ్ళాం.

కార్తీక మాసం వచ్చింది. సావుకారు భార్యకు తిరుచానూరు అమ్మవారి మొక్కు ఒకటి తీర్చాల్సి ఉంది. బస్సులు తక్కువ, ఉన్నవాటిలో కాలు పెట్టడానికి చోటు లేదు. అందుకని భార్యాభర్తలిద్దరూ మన లారీలోనే పోదామనుకున్నారు. నా బండిలో బెల్లం లోడు ఉంది. ముందర సీటులో నా పక్కన సావుకారు, ఆయన పక్కన ఆమె కూర్చున్నారు. క్లీనరు బెల్లం మూటల మీద టార్పాలిను కింద దూరాడు. ముందురోజు రాత్రి వాన కురిసి, తెల్లవారికి తుంపర మాత్రమే మిగిలింది.

పూతలపట్టు దాటి కొంత దూరం వెళ్ళామో లేదో, ఒక చిన్న ఎత్తు మీద బండి దగ్గి ఆగిపోయింది. దిగి చూశాను. డ్రమ్ములో నిప్పు ఉంది కానీ మంట లేదు. బొగ్గు సంచి విప్పితే లోపలంతా తడి. షెడ్డు కప్పు కారి, నీళ్ళు రాత్రంతా ఆ సంచి మీదే పడ్డాయి. క్లీనరు ఫ్యాను తిప్పి తిప్పి అలిసిపోయాడు. నేనూ తిప్పాను. పొగ తప్ప ఏమీ రాలేదు.

"ఏమైంది?" అన్నాడు సావుకారు.

"బొగ్గు నానిపోయింది సావుకారూ. పొడి బొగ్గు వచ్చేదాకా ఇది కదల్దు."

క్లీనరును పూతలపట్టుకు నడిపించి పంపాం. కంసాలివాళ్ళ దగ్గర, హోటల్లో అడిగి చాలాసేపటికి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆ రోజు పెద్ద డ్రైవరు లారీ తిరుపతి నుంచి ఈ దారినే తిరిగి రావాలి. ఆయన దగ్గర ఎప్పుడూ ఒక సంచి బొగ్గు అదనంగా ఉంటుంది. అందుకని ఆయన కోసం చూడడం తప్ప చేయగలిగిందేమీ లేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. తుంపర ఆగి ఉక్కపోత మొదలైంది. సావుకారు రోడ్డు మీద ఆ చివరికీ ఈ చివరికీ నడిచాడు. మండీలో ఎదురు చూసేవాళ్ళను తలుచుకుని విసుక్కున్నాడు. తర్వాత ఒక రాయి మీద కూర్చున్నాడు. ఆయన భార్య మాత్రం నెమ్మదిగా దిగి, గిన్నె మూత తీసి, విస్తరాకుల్లో చింతపండన్నం పెట్టింది. మొదట క్లీనరుకు, నాకు పెట్టి, తర్వాత భర్తకు పెట్టింది. తను మాత్రం తినలేదు. అమ్మవారిని చూసేదాకా తిననని మొక్కుకుందట.

నేను తింటుంటే ఆమె అడిగింది. "దినామూ ఇట్లే నిలిచిపోతాదా నాయనా?"

"బండి చెడి నిలిచేది తక్కువమ్మా. లోడు కోసం నిలబడేదే ఎక్కువ."

"అట్ల నిలబడితే ఎన్నాళ్ళుంటావు?"

"సెప్పలేమమ్మా. ఒకోసారి రెండు దినాలు, ఒకోసారి వారం."

"ఆ దినాలు తిండి ఎవురు పెడతారు?"

నేను సావుకారు వైపు చూశాను. ఆయన అన్నం కలుపుతున్నాడు. "మా కూలి దుడ్డుతోనే అమ్మా" అన్నాను. అబద్ధం చెప్పడానికి నాకు కారణం కనిపించలేదు. ఫిర్యాదు చేయాలనీ లేదు. అడిగింది కాబట్టి చెప్పాను.

ఆమె భర్త ఆకులో ఇంకొంచెం అన్నం వడ్డించింది. ఆ తర్వాత భర్తతో, ఏదో పాత సంగతి గుర్తొచ్చినట్టు, అంది.

"మీ నాయన కాలంలో మన కొట్టంలో ఎద్దులుండె గదా. వానాకాలం బండ్లు కట్టని దినాలు కూడా వాటికి గడ్డి ఏసేవాళ్ళమా, లేదా?"

సావుకారు తల ఎత్తలేదు. "ఏసేవాళ్ళం" అన్నాడు.

"ఎందుకు ఏసేవాళ్ళం?"

"ఎందుకేంది. ఎయ్యకుంటే అవి తర్వాత బండి లాగుతాయా?"

"అదే నేననేది" అంది ఆమె. గిన్నెలు కడిగి సంచిలో సర్దింది.

నన్ను ఎద్దుతో పోల్చిందని మొదట కొంచెం చివుక్కుమంది. కానీ ఆకు మడిచి పారేసి చేతులు కడుక్కుంటున్నప్పుడు, మేమిద్దరం అంగడి అరుగు దగ్గర అడిగినదాన్నే ఆమె ఎంత తేలిగ్గా చెప్పిందో అనిపించి నవ్వు వచ్చింది. నవ్వు కనపడకుండా మొహం కడుక్కున్నాను.

మధ్యాహ్నం బాగా దాటాక పెద్ద డ్రైవరు లారీ వచ్చింది. దూరం నుంచే మా బండి చూసి ఆపాడు. సావుకారు, ఆయన భార్య రోడ్డు పక్కన కూర్చుని ఉండడం చూసి టోపీ తీసి నమస్కారం పెట్టాడు. ఏమైందని కూడా అడగలేదు. పొడి బొగ్గు సంచి దింపి, నా బండి డ్రమ్ము లోపలి తడి బొగ్గంతా ఊడ్చి, కొత్తది పోసి రాజేశాడు. ఆయనతో పాటు నేనూ, క్లీనరూ చేయి వేశాం. ముగ్గురి మొహాలూ నల్లగా అయ్యాయి. బండి మళ్ళీ మూలిగి, తర్వాత మామూలు గొంతుతో కదిలింది.

వెళ్ళబోతూ పెద్ద డ్రైవరు, "సావుకారూ, ఆలిస్యమైంది. బెల్లం రేపు పొద్దున దింపొచ్చు. అమ్మను ముందర తిరుచానూరుకు తీసకపోండి" అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు తిరుచానూరు చేరాం. ఆమె దర్శనం చేసుకుని వచ్చి, గుడి బయట పూల అంగళ్ళ ముందు కూర్చుని ప్రసాదం తింది. మా చేతుల్లోనూ పెట్టింది. ఆ రోజు అందరికన్నా ఎక్కువ ఆకలితో ఉన్నది ఆమే అయినా ఒక్కసారి కూడా విసుక్కోకపోవడం నాకు అప్పుడు తోచింది.

చిత్తూరుకు వచ్చాక సావుకారు మా ఇద్దరినీ అరుగు దగ్గరికి పిలిచాడు. ఎద్దుల సంగతి ఎత్తలేదు. "నెల జీతమే ఇస్తాను. బయట నిలబడితే తిండికి బత్తా ఇస్తాను. వారానికొక దినం మాత్రం కాదప్పా, నా వల్ల కాదు. ఆదివారం పొద్దున ప్రార్థనకు పోయి రా, మధ్యానం నుంచి బండెక్కు" అన్నాడు పెద్ద డ్రైవరుతో. నాకు దూరపు ట్రిప్పు అయ్యాక మరునాడు ఇంటి దగ్గర ఉండమన్నాడు. షెడ్డు కప్పు కూడా బాగు చేయిస్తానన్నాడు. సగం బాగు చేయించాడు. మిగతా సగం వానాకాలమంతా కారుతూనే ఉంది.

పెద్ద డ్రైవరు ఆ మాటకు తల ఊపాడు. బయటికి వచ్చాక, "సాల్లే అబ్బా. మిగిలింది ఇంకోసారి అడుగుదాం" అన్నాడు. ఆయన గొంతులో సంతోషం వినిపించింది. తర్వాతి ఆదివారం పొద్దున చర్చి మీదుగా వెళుతుంటే లోపలినుంచి పాట వినపడింది. అందులో ఆయన గొంతు గుర్తుపట్టాను. బండి నెమ్మది చేసుకుని వెళ్ళాను.

మా ఇంట్లో వచ్చిన మార్పు చిన్నది. ఏ రోజు ఇంట్లో ఉంటానో తెలిసింది కాబట్టి మా ఆవిడ ఆ రోజుకు పప్పు నానబెట్టి ఉంచేది. అంతకు ముందు నేను ఎప్పుడు వస్తానో తెలియక, వచ్చాక పొయ్యి రాజేసేది.

ఆ తర్వాత ఒకసారి తిరుపతిలో లోడు దొరకలేదు. మండీ అతను రేపు రమ్మన్నాడు. నాకు కోపం రాలేదు. హోటల్లో కడుపునిండా అన్నం తిని, లారీ కింద గోనెపట్ట పరుచుకుని పడుకున్నాను. సాయంత్రం లేచి తిరుచానూరుకు నడిచి, మూర మల్లెపూలు కొని, తడి గుడ్డలో చుట్టుకున్నాను. మరునాడు లోడు వేసుకుని ఇంటికి వచ్చేసరికి అవి సగం వాడిపోయాయి.

మా ఆవిడ గుడ్డ విప్పి చూసింది. "ఇవి నిన్నటివి గదా."

"నిన్నటివే. లోడు దొరకలేదు."

"మరి నిన్న యాడున్నావు?"

"పడుకోనుండాను" అన్నాను.

ఆమె నవ్వి, వాడిన రెండు మొగ్గలు తుంచి పారేసి, మిగిలినవి జడలో పెట్టుకుంది.