అర్లీన్ మీట్‌లోఫ్

అర్లీన్ పిసినారిదైపోయిందని, కైమాని దిమ్మలా చేసి కాల్చే మీట్‌లోఫ్‌లో మాంసం తగ్గించి ఓట్స్ కలుపుతోందని మా వీధిలో పుకారు. కలపడం నిజమే, పిసినారితనం అబద్ధం. ఆవిడ వంటగదిలో నిలబడి కళ్లారా చూశాను. గుండె ఆపరేషనయినా పథ్యం ముట్టని మొగుడు డెల్బర్ట్ కోసం గొడ్డు మాంసం మానేసి, టర్కీ కోడి కైమాలో ఓట్స్, పుట్టగొడుగుల తరుగు దాచి, తడిచేత్తో దిమ్మలా తట్టి, పైన టమాటా సాస్ పూసింది. ఆదివారం భోజనాల దగ్గర ఆయన మొదటి ముక్క నములుతుంటే నేను ఆయన మొహమే చూస్తున్నాను. అర్లీన్ ఏప్రాన్ కొస మెలిపెడుతోంది.

"ఇదీ తిండంటే! ఇంకో ముక్క వెయ్యవే. ఆ డాక్టరు చెప్పిన గడ్డి కుందేళ్లకి పెట్టు!" అన్నాడు డెల్బర్ట్.

నేను గంతేసినంత పని చేశాను. గిన్నెలు కడిగేటప్పుడు ఉండబట్టలేక అడిగేశాను, "ఏమే, ఆయనకి నిజం ఎప్పుడు చెప్తావే?"

"తొంభై నిండనీ, కేకు కోసేటప్పుడు చెప్తా!"